రచయిత సంతకము - పాఠకుని బాకీ



నేను బరంపురమున బట్టల వ్యాపారము చేయువాడను. నా చదువు మెట్రిక్ వరకే. ఉపన్యాసము లిచ్చుటయు, వ్యాసములు వ్రాయుటయు నా వృత్తి కాదు. మన సంఘము కార్యవర్గమున ఉన్నందున సభలకు కుర్చీలు వేయించుట, దండలు తెప్పించుట, చివరకు వందన సమర్పణ చేయుట నా వంతుకు వచ్చు పనులు. అట్టివాడను ఈ వారము కలము పట్టుటకు మా యింట జరిగిన ఒక చిన్న సంగతి కారణము. అది మా ఒక్క యింటి సంగతి యైనచో వ్రాయకుందును. మనలో పెక్కు ఇండ్ల సంగతి యని తెలిసిన పిమ్మట ఊరకుండలేకపోతిని.

గత శీతకాలమున మన సంఘము ఆంధ్రదేశము నుండి ఒక కథారచయితను రావించినది. వారి పేరు ఇచట చెప్పవలసిన పని లేదు. జరిగినదానిలో వారి దోష మేమియు లేదు. హాలు నిండినది. ప్రార్థన, స్వాగతము, అధ్యక్షోపన్యాసము, ఆరుగురు పెద్దల ప్రసంగములు, శాలువ, జ్ఞాపిక, వీనితో రెండు గంటలు గడచినవి. రచయితకు మిగిలినవి పది నిమిషములు. పిమ్మట ఒక బల్ల వేసి, వారిని కూర్చుండబెట్టి, పుస్తకముల కట్టలు విప్పితిమి. వారు తెచ్చిన నూరు ప్రతులలో డెబ్బదిరెండు అమ్ముడుపోయినవి. కొన్న వారందరు వరుసలో నిలిచి సంతకములు చేయించుకొనిరి, ఫోటోలు తీయించుకొనిరి. వర్తకుడను గనుక ఆ లెక్క చూచి నాకు చాల సంతోషమైనది. వందన సమర్పణలో ఆ సంఖ్యను గట్టిగా చెప్పి చప్పట్లు కూడ కొట్టించితిని.

ఆ వరుసలో తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయియు నిలిచినది. రచయిత ఆమె పేరడిగి, మొదటి పుటలో ఒక మాట వ్రాసి, సంతకము చేసి, "చదివాక నీకే కథ నచ్చిందో నాకో ఉత్తరం ముక్క రాయి తల్లీ" అనిరి. అమ్మాయి తల యూపినది. ఆ రాత్రి భోజనములైన తరువాత పుస్తకము తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, దీనిమీద ఏటి రాసారు?" అని అడిగినది.

నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయికి తెలుగు రాదనుకొనకుడు. నాయనమ్మతో దినమునకు నాలుగుసార్లు తెలుగులోనే పోట్లాడును. సామెతలు చెప్పును. ఒడియా చక్కగా చదువును, ఇంగ్లీషు నాకంటె బాగుగా వ్రాయును. తెలుగు అక్షరము మాత్రము ఆమెకు బొమ్మ. భాషాభివృద్ధిని గూర్చి సభ చేసి, వందనములు చెప్పి, చప్పట్లు కొట్టించిన కార్యకర్త బిడ్డ, తన చేతిలోని పుస్తకముపై తన పేరే చదువుకొనలేకపోయినది. ఈ తప్పు ఆమెది కాదు. పదునాలుగేండ్లు అంగడి లెక్కలు చూచుకొనుచు, "తరువాత నేర్పుదము" అని వాయిదాలు వేసిన నాది.

ఆ తరువాతి నెలలో పుస్తకము కొన్నవారు నా అంగడికి వచ్చినప్పుడెల్ల మాటల మధ్య విచారించితిని. పది ఇండ్లవారి నడిగితిని. రెండు ఇండ్లలోనే పుస్తకము తెరచిరి. అందొక యింట డెబ్బది దాటిన మామ్మగారు కండ్లద్దాలు పెట్టుకొని రోజున కొక కథ చదువుచున్నారు. తక్కిన ఎనిమిది ఇండ్లలో పుస్తకము టెలివిజను ప్రక్క అద్దాల బీరువాలో జ్ఞాపికల నడుమ నిలుచున్నది. సంతకము పుట ఫోటోలు మాత్రము అందరి చేతి ఫోనులలోను ఉన్నవి.

నాకు తెలిసిన విద్య వ్యాపారము. అందులో సంతకమన్న నేమో చెప్పుదును. ప్రామిసరీ నోటుపై గాని, హుండీపై గాని ఎవడు సంతకము చేయునో వాడు బాకీపడును. కాగితము దాచుకొన్నవాడు రాబట్టుకొనును. పుస్తకము విషయమున ఇది తలక్రిందు. సంతకము చేసినవాడు తన యప్పు ముందే తీర్చివేసినాడు. రెండేండ్లో మూడేండ్లో కూర్చుండి వ్రాసినాడు, అచ్చు వేయించినాడు, మూటకట్టుకొని రైలెక్కి మన ఊరు వచ్చినాడు. ఆ కాగితము దాచుకొన్న మనము బాకీదారులము. ఆ బాకీ పుస్తకము వెలతో తీరునది కాదు. చదివిననే తీరును. మనము కాగితము భద్రముగా దాచితిమి, బాకీ మరచితిమి.

సంతకమునకు వెల కట్టుట తప్పు కాదు. మహాత్మాగాంధీ గారు తమ సంతకము కోరి వచ్చినవారి వద్ద హరిజన నిధికై ఐదు రూపాయలు పుచ్చుకొనెడివారు. ఆ సొమ్ము వారి కొరకు కాదు. సంతకము కోరినవాడు వట్టి చేతులతో పోరాదు, తాను మెచ్చిన మహనీయుని పనిలో తానును కొంత భాగము మోయవలెనని అందలి భావముగా నాకు తోచును. రచయిత పని వ్రాయుట. ఆ పనిలో మనము మోయగల భాగము చదువుట. అంతకు మించి వారేమి కోరుదురు?

శ్రీశ్రీ గారి "మహాప్రస్థానము" 1950లో పుస్తకముగా వచ్చినది. అదే కావ్యమును 1981లో గూటాల కృష్ణమూర్తి గారు లండను నుండి కవి స్వదస్తూరితో, కవి స్వయముగా చదివిన కంఠస్వరముతో కూడ ప్రచురించిరి. సంతకమొక్కటే కాదు, మొదటి అక్షరము నుండి తుది అక్షరము వరకు కవి చేతివ్రాతయే. సముద్రములు దాటిన తెలుగువారికి ఇంతటి కోరిక కలిగినది. కాని అక్షరము రాని బిడ్డ చేతిలో ఆ పుస్తకము పెట్టి చూడుడు. కవి గొంతు చెవికి అందును గాని, చేతివ్రాత ముగ్గు వలె కనబడును. చేతివ్రాతకు విలువ చదువగల కంటిలోనే కలదు.

విజయవాడలో 1989 నుండి జరుగుచున్న పుస్తక మహోత్సవమునకు సరకు కొనుగోలు నిమిత్తము వెళ్ళినప్పుడు రెండు పర్యాయములు పోయి చూచితిని. అచటను రచయితలు బల్లల వద్ద కూర్చుందురు, అచటను అభిమానులు వరుసలో నిలుతురు. కాని ఒక భేదము కలదు. వరుసలోని కుర్రవాడు రచయితను చూడగానే, "ఆ కథలో అతన్ని ఎందుకు చంపేశారండీ?" అని నిలదీయును. రచయిత నవ్వి సమాధానము చెప్పుచునే సంతకము చేయును. వారిద్దరికి అదివరకే పరిచయము, పుస్తకము ద్వారా. వారికి సంతకము విందు భోజనమైన తరువాత ఇచ్చు తాంబూలము. మనకో, విస్తరి వేయకయే తాంబూల మిచ్చి పంపుచున్నాము.

ఇది మనకు ఎట్లు వచ్చినదో కొంచెము వెనుకకు పోయి చూడవలెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం ప్రాంతములో పెద్ద భాగము, బరంపురము, పర్లాకిమిడితో సహా అందు చేరినది. పర్లాకిమిడిలో దీర్ఘకాలము ఉపాధ్యాయులై, సవరల భాషకు సేవ చేసి, వాడుక తెలుగు కొరకు జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ విభజనకు మనసొప్పక ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940లో కీర్తిశేషులైరి. వారు వెడలిరి, మన తాతలు నిలిచిరి. నిలిచిన వారికి ఒడియా సోదరులు ఇరుగుపొరుగై, ఖాతాదారులై, వియ్యములందినవారై అన్నము పెట్టిరి. ఒడియా నేర్చుట మనకు నష్టము కాదు, సంపద. అందు నాకు రెండవ మాట లేదు.

అయితే గిడుగువారు పోరాడినది దేనికి? వ్రాయువాడును చదువువాడును ఒకే భాషలో కలిసికొనవలెనని. గ్రంథమునకును గడపకును మధ్య గోడ ఉండరాదని. వారి జన్మదినమగు ఆగస్టు 29న ప్రతి సంవత్సరము మనము పటమునకు దండ వేయుచున్నాము. వారు గోడ పడగొట్టి తలుపు తెరచిన తరువాత, మనము మన బిడ్డలకు ఆ గడప దాటుటకు కావలసిన ఏబదియారు అక్షరములు ఇయ్యలేదు. ఇట్లు వ్రాయుచున్న నా శైలి వారికి నచ్చునది కాదని నేనెరుగుదును. మా తండ్రిగారి పెట్టెలోని పాత పత్రికలు చదివి తెలుగు నేర్చినవాడను. కలము పట్టగనే చేయి ఈ దారినే పోవును. ఈ విషయమున పంతులుగారి ముందు నేనును ముద్దాయినే.

అక్షరము విడిచిన ఏమగునో తమిళనాడులోని మన సోదరులు బాగుగా నెరుగుదురు. కోవిల్పట్టి చేరువ ఇడైసెవల్ గ్రామమున తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్ గారు గొప్ప రచయిత. తెలుగు నేల విడిచి దక్షిణమునకు వలసపోయిన వారి కథలను ఆయన నవలలుగా వ్రాసిరి. అందొక నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. 2021లో వారు పరమపదించిరి. ఆ నవలలు వ్రాసినది తమిళములో. ఆయన తమిళమునకు చేసిన సేవకు మనము నమస్కరింపవలసినదే, అందు తప్పెంచుటకు మన కధికారము లేదు. కాని నాకు తోచునది ఇది: మన వలస కథ, మన ఇండ్లలోని మాట, మన అవ్వల సామెత, తెలుగు చదువరికి అనువాదము ద్వారా అందవలసి వచ్చినది. ఇంట మాటలాడు భాషకు అక్షరము తోడు లేనప్పుడు, ఆ యింట పుట్టిన రచయిత అక్షరమున్న భాషకే పోవును. రేపు బరంపురమునను, షోలాపురమునను, బళ్ళారిలోను పుట్టబోవు రచయితకును ఇదే దారి.

ఈ మాటలు కార్యవర్గములో చెప్పినప్పుడు నాకు మూడు ఆక్షేపణలు వచ్చినవి. ఒక మిత్రుడు, పిల్లలకు పరీక్షల భార మెక్కువ, ఇంకొక లిపి ఎట్లు మోయుదురనిరి. రెండవవారు, ఇది ప్రభుత్వము చేయవలసిన పని, 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది గదా అనిరి. మూడవవారు మన సంఘమునకు పెద్ద దిక్కు. ఆయన, "రచయితను కండ్లార చూచుటయే చాలును, పిల్లలకు భక్తి కలుగును, చదువు పేరుతో నిర్బంధించినచో సభకే రారు" అనిరి.

350-ఎ అధికరణమును గూర్చి మన సంఘము అర్జీలు పెట్టుచునే ఉండవలెను. అందు నేనును సంతకము చేయుదును. కాని కొన్న పుస్తకము బీరువాలో పెట్టవలెనని ఏ అధికరణమును చెప్పలేదు. దానిని దింపుటకు ఏ కలెక్టరు ఉత్తరువును అక్కరలేదు. పరీక్షల భారమునకు నా యింటి అనుభవమే సమాధానము. ఒడియా చదువు బిడ్డకు తెలుగు వర్ణమాల క్రొత్త కాదు. అ, ఆ, ఇ, ఈ వరుస అదియే. క, ఖ, గ, ఘ వరుస అదియే. గుణింతము పద్ధతియు అదియే. ధ్వని తెలిసిన బిడ్డకు మారునది రూపమొక్కటే. కొట్టు మూసి వచ్చి, రాత్రి తొమ్మిది గంటల నుండి అరగంట చొప్పున నలుబది రాత్రులు కూర్చుంటిని. ఒత్తుల వద్ద కొంత తడబడినది, అంతే.

పెద్దాయన మాటను మాత్రము నేను త్రోసివేయలేను. అందు సగము నిజ మున్నది. మా యింట నాయనమ్మ భాగవతము ముప్పది యేండ్లుగా అలమరలో నున్నది. అందేమున్నదని మా అమ్మాయి ఒక్కనాడును అడుగలేదు. తన పేరు అడిగి, తన కండ్ల యెదుట వ్రాసిన ఒక్క వాక్యము ఆమె చేత అడిగించినది. కనుక సంతకమునకు శక్తి కలదు. అది విత్తనము వంటిది. మన తప్పు విత్తనము తెచ్చుట కాదు, తెచ్చిన విత్తనమును గాజు సీసాలో పోసి దాచుట.

నలుబది రాత్రుల పిమ్మట ఆమె ఆ పుట తెరచి కూడబలుకుకొని చదివినది. తన పేరు క్రింద రచయిత వ్రాసినది ఇంతే: "చదువు. నచ్చకపోతే నాతో దెబ్బలాడు." అమ్మాయి పకపక నవ్వినది. వేసవి సెలవులలో పుస్తకము ముగించి, ఒక కథ ముగింపు అన్యాయముగా నున్నదని రచయితకు ఉత్తరము వ్రాసినది. అందు రెండు అక్షరదోషము లున్నవి. నేను దిద్దలేదు. బాకీ తీర్చుచున్నవాని నాణెములు మెరయుచున్నవా యని చూచు వర్తకు డెవడు?

ఇక మన సంఘము వచ్చు సభ నాటికి చేయదగిన మార్పులను సవినయముగా సూచించుచున్నాను.

మొదటిది, రచయిత వచ్చుటకు రెండు నెలల ముందు వారి పుస్తకము ఇరువది ప్రతులు సంఘము వెల యిచ్చి కొని, వీధి కొకటి రెండు చొప్పున ఇంటింటికి త్రిప్పవలెను. ప్రతి పుస్తకము వెనుక ఒక కాగితము అంటించి, చదివినవారు పేరు వ్రాయవలెను. రెండవది, రచయితను ఉచిత ప్రతులు అడుగరాదు; వారి ప్రయాణపు ఖర్చు మనము భరింపవలెను. ఆ సొమ్ము శాలువలు, దండలు, జ్ఞాపికలు తగ్గించిన వచ్చును. సభల శాలువలు నా కొట్టులోనే కొనుచున్నారు గనుక ఇందు నష్టపడువాడను నేనే. కావున ఈ మాట చెప్పుటకు నా కధికార మున్నది.

మూడవది, పెద్దల ప్రసంగములు రెండు చాలును, అదియు ఐదేసి నిమిషములు. మిగిలిన కాలము చదివినవారు రచయితతో మాటలాడుటకు విడువవలెను. మెచ్చుకొనుటయే కాదు, దెబ్బలాడవచ్చును. సంతకపు వరుసలో చదివి వచ్చినవారు ముందు నిలువవలెను. పదవులును, దుస్తులును చూచి ముందుకు పిలువరాదు. నాలుగవది, అక్షరము రాని బిడ్డను వెనుకకు పంపరాదు. వానికి ఒక్క వాక్యము పెద్ద అక్షరములతో వ్రాసి ఇమ్మని రచయితను వేడవలెను. ఆ వాక్యమును ఉగాదిలోపల చదివించు పూచీ తలిదండ్రులది. ఐదవది, దూరపు రచయితలనే కాక మన ఊళ్ళలో వ్రాయుచున్న వారిని కూడ ఆ బల్ల వద్ద కూర్చుండబెట్టవలెను. మన వీధి పేరు, మన మాట యాస అచ్చులో చూచినప్పుడు బిడ్డకు కలుగు ఆశ వేరు.

మన ఊళ్ళకు రానున్న రచయితలకును ఒక విన్నపము. మా పిల్లల తెలుగులో ఒడియా, కన్నడము, తమిళము, మరాఠీ మాటలు దొరలును. విని నవ్వకుడు. ఒకసారి నవ్వినచో ఆ బిడ్డ మరల మీ ముందు తెలుగున నోరు విప్పదు. తొందరగా గీత గీసి పంపక, పేరడిగి ఒక మాట వ్రాయుడు. మీకు అది అర నిమిషము పని. మా యింట అది నలుబది రాత్రుల చదువైనది.

నా అంగడి చిట్టాలో ఒక క్రొత్త పుట తెరచితిని. నాటి సభలో పుస్తకము కొన్న డెబ్బదిరెండుగురిలో నాకు తెలిసినవారి పేర్లన్నియు అందు వ్రాసి పెట్టితిని. చదివినట్లు చెప్పినవారి పేరు కొట్టివేయుచున్నాను. ఈనాటికి పదునొకండు పేర్లు కొట్టివేసితిని. తక్కినవారు కొట్టుకు వచ్చినప్పుడు బట్టల బాకీ అడుగకపోయినను ఈ బాకీ తప్పక అడుగుదును, కోపగింపకుడు. ఈ ఆదివారము మీ బీరువాలోని సంతకపు పుస్తకము దింపి, దుమ్ము దులిపి, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మొదటి పుట చదివింపుడు. చదువలేకపోయినచో సిగ్గుపడవలదు. నావలెనే "అ" నుండి ఆరంభింపుడు.

ఇట్లు,
ఒక బట్టల వర్తకుడు,
బరంపురము.